లియొనోరా ఇంటిదాకా ఏడు రోజులు

సర్రియలిజం, అంటే కలల్నీ లోపలి మనసునీ కవిత్వంలోకి, బొమ్మల్లోకి తెచ్చిన ఉద్యమం, ఆ మాట చాలామంది తెలుగువాళ్లకు లాగే నాకూ శ్రీశ్రీ వల్లే తెలిసింది. శ్రీరంగం నారాయణబాబు కవిత్వం చదివాక అధివాస్తవికత అంటే ఏమిటో కాస్త పట్టు దొరికింది. ఆ తర్వాత బొమ్మలు చూశాను, అవి వేసినవాళ్ల జీవితాలు చదివాను. చదివేకొద్దీ ఒక సంగతి నన్ను వదల్లేదు. వీళ్లు ప్రేమలో పడ్డప్పుడల్లా ఊరు మారారు. మారిన ఊళ్లో ఒక ఇల్లు చూసుకున్నారు. ఆ ఇంటి గోడలు, తలుపులు, అల్మరాలు కూడా బొమ్మలైపోయాయి. ఆ ఇళ్లలో కొన్నిటికి ఇవాళ టికెట్ పెట్టారు. ఒకదాన్ని కూల్చేశారు. ఒకటి గేటు వేసి ఉంది, అది చిత్రకారిణి లియొనోరా కారింగ్టన్ ఇల్లు. ఆ గేటు దాకా వెళ్లాలని నాకు ఎన్నేళ్లుగానో కోరిక.

మా వదిన లియాన్‌లో ఉంటుంది. ఫ్రెంచ్ బాగా వచ్చు, స్పానిష్ కొంచెం వచ్చు. సెప్టెంబర్ చివర్లో వారం సెలవు పెట్టి నాతో బయల్దేరింది. "నాకు బొమ్మల సంగతి ఏమీ తెలీదు. నువ్వు చెప్తూ ఉండు, టికెట్లు నేను చూసుకుంటా" అంది.

మొదటి రోజు: బార్సిలోనా నుంచి కదకేస్

బార్సిలోనా నుంచి ఫిగేరెస్‌కి రైల్లో గంట కూడా పట్టలేదు. అక్కణ్ణించి కదకేస్‌కి బస్సు. ఆఖరి పది పన్నెండు కిలోమీటర్లు కొండమీద మెలికలే మెలికలు. వదినకి కళ్లు తిరిగి, నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంది. ఒక మలుపు తిరగ్గానే కింద తెల్లటి ఇళ్లు, నీలం సముద్రం కనిపించాయి. ఇద్దరం మాట్లాడ్డం ఆపేశాం.

1929 ఆగస్టులో ఇదే ఊరికి పారిస్ నుంచి కొందరు స్నేహితులు సెలవులకొచ్చారు. బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిట్, ఆయన భార్య జార్జెట్, సినిమావాడు లూయిస్ బున్యుయెల్, కవి పాల్ ఎలువార్, ఆయన భార్య గాలా, వాళ్ల కూతురు సెసిల్. పిలిచినవాడు స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలి. అతనికి 25 ఏళ్లు, గాలాకి దాదాపు 35. సెలవులయ్యాక ఎలువార్ పారిస్ వెళ్లిపోయాడు, గాలా ఉండిపోయింది. సర్రియలిజం చరిత్ర రాసే ప్రతివాళ్లూ ఈ ఘట్టం రాస్తారు.

సాయంత్రం గులకరాళ్ల ఒడ్డున కూర్చుని వదినకి ఇదంతా చెప్పాను. అంతా విని, "ఆ పిల్లకెన్నేళ్లు అప్పటికి?" అంది. పదకొండు. "మరి ఆ పిల్ల గురించి ఎవరూ రాయలేదా?" నేను చదివిన పుస్తకాల్లో సెసిల్ ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. ఆమెను పెంచింది నాన్నమ్మ. 98 ఏళ్లు బతికి 2016లో పోయింది. వదిన అడిగిన ప్రశ్న ఆ రాత్రంతా నా వెంటే ఉంది.

రెండో రోజు: పోర్ట్‌లిగాట్

కదకేస్ నుంచి పోర్ట్‌లిగాట్‌కి కొండ దాటి నడిస్తే ఇరవై నిమిషాలు. చిన్న ఖాతం, పడవలు, ఆలివ్ చెట్లు, కప్పు మీద పెద్ద తెల్ల గుడ్డు ఉన్న ఇల్లు. టికెట్ ముందే బుక్ చేసుకోవాలి, చిన్న చిన్న బృందాలుగానే లోపలికి పంపిస్తారు.

గాలాతో సంబంధం వల్లా, తల్లిని అవమానించేలా ఒక బొమ్మ మీద రాసిన మాటల వల్లా తండ్రి డాలిని ఇంట్లోంచి పొమ్మన్నాడు. 1930లో డాలి, గాలా కలిసి ఇక్కడ జాలర్ల గుడిసె ఒకటి కొన్నారు. అంతా కలిపి 22 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 240 చదరపు అడుగులు. డబ్బు వచ్చినప్పుడల్లా పక్క గుడిసె కొని కలుపుకుంటూ పోయారు. అందుకే లోపల ఏ గదీ తిన్నగా ఉండదు. రెండు మెట్లెక్కాలి, మూడు దిగాలి, వంకర నడవా దాటాలి. మా తాతగారి ఊళ్లో అన్నదమ్ముల వాటాలు కలిపి ఒకటి చేసిన ఇల్లు ఒకటుండేది, సరిగ్గా అలాగే ఉంది.

గుమ్మంలోనే మెడనిండా హారాలతో తెల్ల ఎలుగుబంటి, గడ్డి కూరినది. పడకగదిలో ఒక అద్దం. సూర్యోదయం మంచం మీద నుంచే కనిపించేలా దాన్ని అమర్చారు. బొమ్మలు వేసే గదిలో నేలకు సన్నటి చీలిక పెట్టి, కప్పీలతో కాన్వాసును పైకీ కిందికీ జరిపే ఏర్పాటు ఉంది. ఎంత పెద్ద బొమ్మైనా డాలి కుర్చీలోంచి లేవకుండా వేసేవాడు. ఇంట్లో ఎక్కడ చూసినా ఎండినా రంగు పోని పసుప్పచ్చ గడ్డిపూల గుత్తులు. గాలాకి ఇష్టమైన పూలట. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ గుత్తులే.

గాలా అసలు పేరు ఎలేనా ద్యాకొనోవా, పుట్టింది రష్యాలోని కజాన్‌లో. 1912లో క్షయ వైద్యానికి స్విట్జర్లాండ్‌లోని క్లావడెల్ శానిటోరియానికి వెళ్లింది. అక్కడే రోగిగా ఉన్న కుర్రాడు ఎలువార్ పరిచయమయ్యాడు. 1917లో పెళ్లి. 1921లో భార్యాభర్తలిద్దరూ కొలోన్ వెళ్లి జర్మన్ చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్‌ని కలిశారు. మరుసటి ఏడాది అతను ఎలువార్ పాస్‌పోర్ట్ మీదే దొంగతనంగా ఫ్రాన్స్‌లోకి వచ్చి వాళ్లింట్లోనే ఉన్నాడు. పారిస్ శివారు ఓబోన్‌లో ఎలువార్ ఇల్లు కొంటే, ఎర్న్‌స్ట్ 1923లో ఆ ఇంటి గోడలన్నీ బొమ్మలతో నింపేశాడు. తర్వాతివాళ్లు వాటి మీద వాల్‌పేపర్ అంటించారు. 1960లు వచ్చేదాకా అవి ఆ కాగితం కిందే ఉన్నాయి.

ముగ్గురూ ఒకే ఇంట్లో బతకడం ఎలువార్ వల్ల కాలేదు. 1924 మార్చి 24న ఎవరికీ చెప్పకుండా మాయమయ్యాడు. పారిస్‌లో చనిపోయాడనుకున్నవాళ్లూ ఉన్నారు. ఓడల్లో తాహితీ మీదుగా తిరిగి తిరిగి సైగాన్ చేరాడు. గాలా, ఎర్న్‌స్ట్ అంత దూరం వెళ్లి అతన్ని కలుసుకున్నారు. భార్యాభర్తలు కలిసి తిరిగొచ్చారు. ఐదేళ్లకు కదకేస్. ఆ తర్వాత కూడా ఎలువార్ గాలాకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు, 1948 దాకా రాశాడు. ఆయన పోయింది 1952లో.

గాలాని డబ్బు మనిషి అనేస్తారు చాలామంది. సెసిల్ విషయంలో ఆమెను నేనూ క్షమించలేను. కానీ ఆ 22 చదరపు మీటర్ల గుడిసెలో, చలిలో, చేతిలో పైసా లేకుండా డాలితో సంసారం చేసిందీ, అతని బొమ్మలు చంకన పెట్టుకుని పారిస్‌లో గడప గడపా ఎక్కి అమ్మిందీ ఆమే. డాలి చాలా బొమ్మల మీద ఇద్దరి పేర్లూ కలిపి సంతకం చేశాడు. అది ముద్దుకి చేసిన పని అనుకునేదాన్ని. ఇల్లు చూశాక అది లెక్క ప్రకారం సరైన సంతకమే అనిపించింది.

మన దేశానికీ ఈ ఖాతానికీ చిన్న చుట్టరికం ఉంది. 1967లో ఎయిర్ ఇండియా కోసం డాలి యాష్‌ట్రే ఒకటి డిజైన్ చేశాడు. డబ్బు వద్దు, ఏనుగు పిల్ల కావాలన్నాడు. నిజంగానే బెంగళూరు నుంచి విమానంలో పంపించారు. ఆ మాట చెప్తే వదిన ముందు నవ్వింది. తర్వాత, "పాపం, తల్లి దగ్గర్నుంచి తీసుకొచ్చుంటారు" అంది.

మూడో రోజు: పూబోల్

ఫ్లసా స్టేషన్‌లో దిగి టాక్సీలో పూబోల్ కోటకు వెళ్లాం. 1969లో డాలి గాలా కోసం కొన్న కోట ఇది. ఆమె రాతపూర్వకంగా పిలిస్తే తప్ప తాను కూడా అడుగుపెట్టనని ఒప్పుకున్నాడు. తోటలో చెట్ల సందుల్లో సన్నటి పొడుగు కాళ్ల ఏనుగులు. కింద నేలమాళిగలో రెండు సమాధులు పక్కపక్కనే కట్టించారు. 1982లో పోయిన గాలా ఒకదాంట్లో ఉంది. రెండోది ఖాళీ. డాలిని 1989లో ఫిగేరెస్‌లో తన మ్యూజియం కిందే పూడ్చారు. ఐదు నిమిషాలకు మించి అక్కడ నిలబడలేకపోయాను.

నాలుగో రోజు: సరిహద్దు దాటి మార్సెయ్

రైలు ఫిగేరెస్ దాటాక పిరనీస్ పర్వతాల కింద 8 కిలోమీటర్ల సొరంగం వస్తుంది. కొన్ని నిమిషాల్లో ఫ్రాన్స్. టీ తాగడం కూడా పూర్తి కాలేదు. ఆ రోజు సెప్టెంబర్ 26. 1940లో ఇదే తేదీ రాత్రి, ఇక్కడికి తూర్పున సముద్రపు ఒడ్డునున్న పోర్ట్‌బూలో, నాజీల నుంచి పారిపోతున్న జర్మన్ యూదు ఆలోచనాపరుడు వాల్టర్ బెన్యమిన్ ప్రాణం తీసుకున్నాడు. సర్రియలిజం గురించి 1929లోనే గొప్ప వ్యాసం రాసిన మనిషి. కొండ దాటి వచ్చాక, స్పెయిన్ పోలీసులు వెనక్కి పంపేస్తామన్నారు. టీ పక్కన పెట్టేశాను.

ఐదో రోజు: మార్సెయ్

పొద్దున్నే నోయాయ్ బజారుకు వెళ్లాం. మసాలాలు, పుదీనా కట్టలు, ఖర్జూరాలు. హైదరాబాద్ మీరాలం మండీలో ఉన్నట్టే అనిపించింది. వదిన అక్కడ నారింజపూల నీళ్ల సీసా ఒకటి కొని సంచిలో వేసుకుంది. సేమ్యాలో రెండు చుక్కలు వేస్తే బావుంటుందట.

1940 జూన్‌లో ఫ్రాన్స్ ఓడిపోయాక, నాజీల నుంచి పారిపోవాల్సినవాళ్లందరికీ ఈ రేవే దిక్కయింది. ఆగస్టులో వేరియన్ ఫ్రై అనే అమెరికన్ జర్నలిస్టు వచ్చి, ఏడాది పైగా ఇక్కడే ఉండి, దొరికిన దారినల్లా మనుషుల్ని దేశం దాటించాడు. ఊరి చివర విల్లా ఎయిర్‌బెల్ అనే పెద్ద పాత ఇంట్లో సర్రియలిజానికి ఆద్యుడైన ఫ్రెంచ్ కవి ఆంద్రే బ్రెతాన్, ఆయన భార్య జాక్లీన్ లాంబా, చిన్న కూతురు ఓబ్ వీసాల కోసం ఎదురుచూస్తూ గడిపారు. విఫ్రెదో లామ్, విక్టర్ బ్రౌనర్, జాక్ ఎరోల్డ్, ఆస్కార్ డొమింగెజ్ లాంటి చిత్రకారులు వస్తూ పోతూ ఉండేవాళ్లు. చలి, ఆకలి, పోలీసుల భయం. అయినా ఆదివారాలు అందరూ చేరి ఆటలాడేవాళ్లు, తోటలో చెట్లకి బొమ్మలు వేలాడదీసి ఎగ్జిబిషన్ పెట్టేవాళ్లు. ఆ ఇంటిని తర్వాత కూల్చేశారు. టాక్సీవాణ్ణి ఆ దారిలో ఆగమన్నాం గానీ చూడ్డానికి అక్కడ ఏమీ లేదు.

మిగిలింది వాళ్లు గీసుకున్న పేకముక్కలు. రాజు, రాణి, జాకీ వద్దనుకుని మేధావి, సిరీన్ (పాటతో మనుషుల్ని లాగే గ్రీకు పురాణాల మాయలాడి), మాంత్రికుడు పెట్టుకున్నారు. నాలుగు రంగులకు ప్రేమ, కల, విప్లవం, జ్ఞానం అని పేర్లు. ప్రేమకి గుర్తు జ్వాల, జ్ఞానానికి గుర్తు తాళం. అసలు బొమ్మలు కాంటిని మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి, మాకు దొరికింది అచ్చు వేసిన కట్ట. బల్ల మీద పరిచి చూశాం. మాక్స్ ఎర్న్‌స్ట్ గీసింది మెక్సికో విప్లవకారుడు పాంచో వీయా. జాక్లీన్ గీసింది కవి బోద్లేర్.

జాక్లీన్ దగ్గర కాసేపు ఆగాలి. బ్రెతాన్ ఆమెను 1934 మే 29న కలిశాడు. ఆమె మ్యూజిక్ హాల్లో నీళ్లలో నాట్యం చేసి పొట్టపోసుకునేది, అసలు చదువుకున్నది చిత్రకళ. పదకొండేళ్ల కిందట తాను రాసిన పద్యంలోనే ఆమె రాక ఉందని బ్రెతాన్ నమ్మాడు, ఆ ప్రేమ మీద పుస్తకమే రాశాడు. ఆ పుస్తకం చదివితే జాక్లీన్ ఎంత అందంగా ఉంటుందో తెలుస్తుంది. ఆమె బొమ్మలు వేస్తుందన్న ధ్యాస మాత్రం కలగదు. 1941 మార్చిలో మార్సెయ్ నుంచి ఓడెక్కి, మార్టినిక్ మీదుగా న్యూయార్క్ చేరాక, మరుసటి ఏడాది ఆమె అతన్ని వదిలేసింది. ఆమె సొంత ఎగ్జిబిషన్ జరిగింది ఆ తర్వాతే.

ఆ ప్రయాణం బ్రెతాన్‌కి మరోలా కలిసొచ్చింది. మార్టినిక్‌లో కూతురికి రిబ్బను కొందామని ఒక దుకాణానికి వెళితే అక్కడ 'ట్రాపిక్' అనే పత్రిక కనిపించింది. అలా ఏమే సెజేర్‌ని చదివాడు. ఆఫ్రికా మూలాలున్న ఆ మహాకవి గురించి యూరప్‌కి చాటింపు వేసినవాళ్లలో బ్రెతాన్ ముందుంటాడు. ఒక రిబ్బను ఇంత పని చేసింది.

ఆరో రోజు: లే మీల్

మార్సెయ్‌కి దగ్గర్లోని ఎక్స్ ఆన్ ప్రొవాన్స్ ఊరి పక్కన లే మీల్‌లో పెంకుల ఫ్యాక్టరీ ఉంది. 1939 సెప్టెంబర్‌లో యుద్ధం మొదలవగానే ఫ్రాన్స్ ప్రభుత్వం తన గడ్డ మీదున్న జర్మన్లందర్నీ శత్రువుల కింద జమకట్టి ఇలాంటి చోట్ల బంధించింది. హిట్లర్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లని కూడా వదల్లేదు. మాక్స్ ఎర్న్‌స్ట్, ఇంకో జర్మన్ చిత్రకారుడు హన్స్ బెల్మర్ ఇక్కడే ఉన్నారు. 2012లో దీన్ని స్మారక కేంద్రం చేశారు.

లోపల ఇటుక బట్టీల సొరంగాలు. చీకటి, చలి, వేలు పెడితే ఎర్రటి పొడి. ఆ పొడి అన్నంలో, జుట్టులో, గొంతులో పడేదట. బెల్మర్ గీసిన ఎర్న్‌స్ట్ ముఖచిత్రంలో ముఖమంతా ఇటుకలు పేర్చి కట్టిన గోడ. దాన్ని పుస్తకంలో చూసినప్పుడు చమత్కారం అనుకున్నాను. బట్టీలో పది నిమిషాలు నిలబడి బయటికొచ్చాక నా అరచేతులు చూసుకున్నాను, రేఖల్లో ఎర్రగా పట్టుకుని ఉంది. బెల్మర్ చూసింది చూసినట్టే వేశాడు.

ఎర్న్‌స్ట్ ఆ శీతాకాలం విడుదల కావడానికి పైవాళ్లతో మాట్లాడి సాయపడింది పాల్ ఎలువార్. పదిహేనేళ్ల కిందట ఎవరివల్ల ఇల్లు వదిలి సముద్రాలు దాటిపోయాడో, ఆ మనిషి కోసమే. ఈ యాత్రలో నాకు ఎలువార్ మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

బయటికొచ్చే దారిలో పాత రైలు పట్టాల మీద ఒక పెట్టె ఉంది. 1942 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఇక్కణ్ణించి దాదాపు రెండు వేల మంది యూదుల్ని ఆష్విట్జ్ పంపారు. తిరుగుదారిలో మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఏడో రోజు: సాన్ మార్తాన్ దార్దెష్

అవిన్యోన్ నుంచి పోన్‌సాంతెస్ప్రీ దాకా రైలు, అక్కణ్ణించి టాక్సీ. ఆర్దెష్ నది లోయలోంచి బయటపడే చోట ఊరు. ఎదురు ఒడ్డున కొండ అంచు మీద ఎగెజ్ అనే పాత కోట ఊరు, మధ్యలో ఇనుప తాళ్ల వంతెన. ద్రాక్షకోతలు జరుగుతున్నాయి. ట్రాక్టర్లు వెళ్లిన రోడ్డంతా పులిసిన వాసన.

లియొనోరా కారింగ్టన్ 1917లో ఇంగ్లండ్‌లో లాంకషైర్ బట్టల మిల్లు యజమాని కూతురుగా పుట్టింది. ఆమె బొమ్మలు నేర్చుకుంటున్న రోజుల్లో తల్లి ఒక పుస్తకం కొనిచ్చింది. దాని అట్ట మీద ఎర్న్‌స్ట్ బొమ్మ ఉంది. 1937లో లండన్‌లో ఒక విందులో ఆ మనిషే ఎదురయ్యాడు. ఆమెకి 20, అతనికి 46, పైగా భార్య ఉంది. తండ్రి మాట కాదని పారిస్ వచ్చేసింది. పారిస్‌లో భార్య గొడవ, స్నేహితుల గొడవలు. 1938లో ఇద్దరూ ఈ ఊరికొచ్చారు. ఊరి బయట కొండవాలు మీద ఉన్న పాత రాతి ఇంటిని తల్లి పంపిన డబ్బుతో లియొనోరా కొంది.

ఇల్లు ఇప్పుడు ఎవరిదో సొంతం. రోడ్డు మీద నుంచే చూడాలి. గేటు ముందు నిలబడితే గోడ మీద సిమెంటుతో పోసిన నిలువెత్తు ఆకారాలు కనిపించాయి. ఎర్న్‌స్ట్ చేతిపని. పక్షి రూపం లోప్‌లోప్ అతను తనకి తాను పెట్టుకున్న మారురూపం, ప్రక్కన ఆడ రూపం. సిమెంటు నల్లబడింది, అంచులు రాలాయి, అయినా ఎండ ఏటవాలుగా పడుతుంటే ఆకారాలు గోడలోంచి ముందుకు నడిచొస్తున్నట్టున్నాయి. లోపల అల్మరా తలుపుల మీద బొమ్మలు వేసిందీ, గుర్రం తల చేసి పెట్టిందీ లియొనోరా. అవి మాకు కనిపించవు.

వదిన ఫోన్లో ఏదో చూస్తూ, "అందరూ మాక్స్ ఎర్న్‌స్ట్ ఇల్లు అంటున్నారేంటి? కొన్నది ఆ అమ్మాయి కదా?" అంది. నేను ఇంత దూరం వచ్చింది ఆ మాట నోటితో అనడానికే. ఇది లియొనోరా ఇల్లు.

ఇక్కడ ఆమె రాసింది, వేసింది, ద్రాక్షతోట పెంచింది. తనని మ్యూజ్ (కళాకారుడికి ప్రేరణగా నిలిచే స్త్రీ) అన్నవాళ్లతో, ఇంకొకరికి మ్యూజ్‌గా ఉండే తీరిక తనకి లేదని ముసలితనంలో కూడా చెప్పేది. ఆ మాట నిజమని చెప్పడానికి 1939 ప్రాంతంలో ఆమె వేసిన ఎర్న్‌స్ట్ బొమ్మ చాలు. మంచు మైదానంలో ఊదారంగు బొచ్చు అంగీతో అతను నిలబడి ఉంటాడు. అంగీ చివర చేపతోక, కాళ్లకి చారల మేజోళ్లు. వెనక తెల్ల గుర్రం మంచులో గడ్డకట్టి ఉంది. అతని చేతిలో లాంతరు, లాంతర్లో ఇంకో బుల్లి గుర్రం. లియొనోరా తనని తాను ఎప్పుడూ గుర్రంగా వేసుకునేది. 22 ఏళ్ల పిల్ల, పీకల్లోతు ప్రేమలో ఉండి, తాను ఎక్కడ ఇరుక్కుందో అంత స్పష్టంగా చూసింది.

1940 మేలో ఎర్న్‌స్ట్‌ని రెండోసారి పట్టుకుపోయారు. ఆమె ఊళ్లో కొన్ని గంటలు ఏడ్చి, కొండెక్కి ఈ ఇంటికొచ్చి, ఒక రోజంతా నారింజపూల నీళ్లు తాగి వాంతులు చేసుకుంది. లోపలున్న లోకమంతా కక్కేసుకోవాలని. ఆ తర్వాత మూడు వారాలు తోటపని చేస్తూ, తిండి దాదాపు మానేసి గడిపింది. ఒక స్నేహితురాలు వచ్చి బలవంతంగా కారెక్కించింది. వెళ్తూ వెళ్తూ ఇంటిని బ్రాందీ సీసాకి రాసిచ్చేసిందని చెబుతారు. మాడ్రిడ్‌లో మతి చెదిరింది. ఇంట్లోవాళ్లు సాంతాందేర్‌లో మానసిక చికిత్సాలయంలో చేర్పించారు. అక్కడ మూర్ఛ తెప్పించే కార్డియజోల్ ఇంజెక్షన్లు ఇచ్చారు. అదంతా ఆమె 'డౌన్ బిలో' అని రాసింది, 1944లో అచ్చయింది. దాన్ని నేను రెండుసార్లు మధ్యలో మూసేసి, మూడోసారి పూర్తిచేశాను.

1941లో లిస్బన్‌లో, ఇంట్లోవాళ్లు పెట్టిన కాపలా మనుషుల్ని తప్పించుకుని మెక్సికో రాయబార కార్యాలయానికి పరుగెత్తింది. తెలిసిన మెక్సికన్ కవి, దౌత్యాధికారి రెనాతో లెదుక్ ఆమెను పెళ్లాడి కాపాడాడు. అదే ఊళ్లో సంతలో ఎర్న్‌స్ట్ ఎదురుపడ్డాడు, పక్కన బొమ్మలు కొని కూడబెట్టే అమెరికన్ ధనవంతురాలు పెగ్గీ గుగెన్‌హైమ్ ఉంది. ఎర్న్‌స్ట్ పెగ్గీని పెళ్లి చేసుకుని, తర్వాత చిత్రకారిణి డొరొథియా టానింగ్‌తో అరిజోనాలోని సెడోనా చేరి, అక్కడ ఇంకో ఇల్లు కట్టి సిమెంటు బొమ్మలతో నింపాడు. లియొనోరా మెక్సికో సిటీలో స్థిరపడింది. ఫొటోగ్రాఫర్ చీకి వైస్‌ని పెళ్లాడి, ఇద్దరు కొడుకుల్ని పెంచుతూ, చిత్రకారిణి స్నేహితురాలు రెమెదియోస్ వారోతో వంటింట్లో కబుర్లాడుతూ దాదాపు డెబ్భై ఏళ్లు బొమ్మలు వేసింది. 2011లో 94 ఏళ్లకు పోయింది. 1945లో ఆమె వేసిన ఒక బొమ్మ 2024 మేలో న్యూయార్క్ వేలంలో 2 కోట్ల 85 లక్షల డాలర్లు పలికింది.

రాత్రి నది ఒడ్డున గదిలో సంచి సర్దుకుంటుంటే నారింజపూల నీళ్ల సీసా వదిన చేతికి తగిలింది. కాసేపు చేతిలో పట్టుకుని చూసింది. "ఇదేనా ఆమె తాగింది?" అంది. అవునన్నాను. మూత తీసింది. గదంతా మాఘమాసంలో నల్గొండ బత్తాయి తోట వాసన. ఇంత కమ్మటి వాసన. కిటికీ తెరిచాను. వదిన సీసా మూత బిగించి, పాలిథిన్ కవర్లో చుట్టి, బట్టల మధ్య పెట్టింది.

పొద్దున్న ఏడున్నరకి టాక్సీ వచ్చింది.